ఆరు నిమిషాల నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ గారికి

మహారాజశ్రీ వాయిస్ మెసేజ్ గారికి తిరుపతి నుంచి తమ నిత్య శ్రోత రాసుకున్నది. ఉభయకుశలోపరి. నేను కుశలంగా లేను గానీ, అలా రాయడం మర్యాద కదా!

మొన్న ఆదివారం మీరు మా చిన్నాయన గొంతుతో వేంచేశారు. ఆయన కడప నుంచి రైల్లో వస్తున్నాడు, నేను తిరుపతి స్టేషన్లో నిలబడి ఉన్నాను. మొదట 'హలో, వినపడతా ఉందా?' అని రెండుసార్లు. తర్వాత కిటికీ పక్క సీటు దొరకని వైనం, రాజంపేటలో ఎక్కినవాళ్ల సామాను, చిన్నమ్మ మోకాళ్ల నొప్పి, మధ్యలో శెనక్కాయలమ్మే మనిషి కేక. నాలుగో నిమిషంలో మిమ్మల్ని ఆపి జేబులో పెట్టుకున్నాను. మీరు చివర్లో దాచిన మాట ఇది: 'ఈ బండి తిరుపతికి రాదంట నాయినా, రేణిగుంటలో దిగతాం, ఆడికి రా.' అది విన్నది ఆయన దిగిన గంటకు. 'మెసేజ్ పెట్టినా గదా!' అని తిట్లు నాకే.

మీ వంశం అలాంటిది కాదు. 1901 డిసెంబర్ 12న, తీగల్లేకుండా రేడియోతో సందేశాలు పంపే మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. అట్లాంటిక్ అవతలి నుంచి రావలసింది ఒక్క 'ఎస్' అక్షరం, చుక్కలూ గీతలతో రాసే మోర్స్ కోడ్‌లో మూడు చుక్కలు. విన్నానన్నాడు. నిజంగా విన్నాడా అని ఇప్పటికీ అనుమానించేవాళ్లున్నారు, అది వేరే సంగతి.

తంతి రోజుల్లో పదానికింత అని డబ్బు. మా తాత ఒకసారి 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని రాసి, పోస్టాఫీసు బల్ల దగ్గరే చివరి పదం కొట్టేశాడట. 'సీరియస్ అన్నాక నిదానంగా ఎవడొస్తాడు?' అని. ఇప్పుడు అన్‌లిమిటెడ్ ప్యాక్. పంపేవాడికి పైసా ఖర్చు లేదు, వినేవాడికి పూట గడిచిపోతుంది.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ వైర్‌లెస్ ఆపరేటర్ ప్రయాణికుల కబుర్లు పంపే పనిలో ఉన్నాడు. దగ్గర్లోని కాలిఫోర్నియన్ ఓడ 'మంచులో ఆగిపోయాం' అంటే, 'నోరు మూసుకో, పనిలో ఉన్నా' అన్నాడు. అవతలి ఆపరేటర్ కాసేపటికి సెట్ కట్టేసి పడుకున్నాడు. దాని ముందు మా రేణిగుంట ఏపాటి!

చిత్తూరు రోడ్డులో వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్ ఉంది, ఒకసారి వెళ్లి చూడండి. కొన్ని మైక్రోసెకన్లు పలుకుతుంది, ఆపైన నోరు కట్టుకుని ఆకాశం చెప్పేది వింటుంది.

తిరుగు ప్రయాణంలో చిన్నాయనను రేణిగుంటలోనే రైలెక్కించి, 'ఇల్లు చేరగానే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి, చాలు' అన్నాను. సరేనన్నాడు. రాత్రి ఒక రింగు మోగి ఆగింది. మనసు కుదుటపడింది.

ఆ వెంటనే మీరు దిగారు. 'మిస్డ్ కాల్ ఇచ్చినా నాయినా, చూసుకున్నావా?' నిడివి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.