పప్పుచారు ఏ లెవెల్ ముప్పు?

మన ఓడరేవుల భద్రత మీద ఎవరికైనా అనుమానం ఉంటే గేటు దగ్గరికెళ్లి, లోపలికి పంపమని ఒక్కసారి అడిగి చూడమనండి. మొన్న నేను వెళ్లాను. ఏ రేవో చెప్పను, అదీ భద్రత కోసమే. ఆధార్ చూశారు, ఫొటో తీశారు, దారం కట్టిన పెన్నుతో రిజిస్టర్లో నాన్నగారి పేరు దాకా రాయించుకున్నారు, చివరికి క్యారేజీ మూడు గిన్నెలూ విప్పించి నా స్పూనుతోనే పప్పుచారు అడుగుదాకా తిప్పి చూశారు. నవ్వకండి. 2001లో అమెరికాలో జంట టవర్లు కూలాక ఓడలు, రేవుల భద్రత కోసం ప్రపంచమంతా కూర్చుని రాసుకున్న ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. రేవుకో భద్రతాధికారి, ఓ ప్లాను, ముప్పును బట్టి మూడు లెవెళ్లు. పప్పుచారుది ఏ లెవెలో మాత్రం చెప్పలేదు.

బియ్యానికి ఈ బాధ లేదు. కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, నడిసముద్రంలో లంగరేసుకుని కూర్చుంటే బార్జీలే బస్తాలు మోసుకెళ్లి ఎక్కిస్తాయి. టన్నుకు యాభై కిలోల బస్తాలు ఇరవై, అంటే వేల టన్నుల ఓడకు ఎన్ని బస్తాలో మీరే లెక్కేసుకోండి. కార్డుదారుడి ఇంట్లో ఉడకాల్సిన రేషన్ బియ్యం ఇన్ని చేతులు మారి పశ్చిమ ఆఫ్రికాకు బయల్దేరితే ఒక్క గిన్నె మూతయినా లేవలేదు. ఆఖరికి 2024 నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా సముద్రంలోకి వెళ్లి స్టెల్లా ఎల్ ఓడను చూపించి ‘సీజ్ ద షిప్’ అనాల్సి వచ్చింది. నా పప్పుచారుకు ఇంత హంగామా అక్కర్లేకపోయింది, గేటు దగ్గరే తేలిపోయింది.

అయినా ముప్పు ఎటునుంచి వస్తుందో మనవాళ్లకు బాగా తెలుసు. 2008 నవంబరు 26న పదిమంది కరాచీ నుంచి సముద్రం మీదుగా వచ్చి, దారిలో కుబేర్ అనే చేపల పడవను హైజాక్ చేసి, రబ్బరు పడవలో ముంబై కొలాబా దగ్గర దిగితే, ‘ఎవర్రా మీరు’ అని మొదట అడిగింది ఒడ్డునున్న మత్స్యకారులే. పాఠం నేర్చుకున్నాం. ఆ తర్వాత బయోమెట్రిక్ కార్డులిచ్చి, మీరెవరో చూపించండని అడుగుతున్నది ఆ మత్స్యకారులనే.

సాయంత్రం బయటికొస్తుంటే క్యారేజీ వైపు ఎవరూ చూడలేదు. నాకే మనసొప్పక, అవుట్ టైమ్ రాస్తానని రిజిస్టర్ అడిగాను.

“పర్లేదు సార్, పొద్దున్నే రాసేశాం.”