ఓనర్లకే ఓటు అంటే అది కాలనీ సంఘం ఎలా అవుతుంది?

ఉప్పల్ వైపు ఒక కాలనీలో నేను తొమ్మిదేళ్ళు అద్దెకున్నా. ఆ తొమ్మిదేళ్ళూ నెల తప్పకుండా మెయింటెనెన్స్ కట్టా, వినాయక చవితికి చందా ఇచ్చా, మోరీ పొంగినప్పుడు ప్యాంటు పైకి మడుచుకుని ఆ నీళ్ళలోంచే పిల్లని ఎత్తుకుని స్కూల్ బస్సు దాకా తీసుకెళ్ళా, కరోనా టైంలో వీధి చివర కర్రలు కట్టి రాకపోకలు ఆపినప్పుడు అందరితో పాటు వంతుకి కాపలా కూర్చున్నా. అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్‌కి మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు. తర్వాత అదే వీధిలో లోన్ పెట్టి చిన్న ఫ్లాట్ కొన్నా. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే సెక్రటరీ గారు ఫోన్ చేసి, "సార్ ఇప్పుడు మీరు మెంబర్, గ్రూపులో యాడ్ చేస్తున్నా" అన్నారు. అదే వీధి, అదే మోరీ, అదే నేను. కొత్తగా వచ్చింది బీరువాలో ఒక సేల్ డీడ్, అంతే.

ఆ ఫోన్ వచ్చిన రోజు సంతోషించాల్సింది పోయి నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఇంకా పోలేదు. కాలనీలో ఉంటున్న ప్రతి ఒక్కరికీ, అద్దెకున్నవాళ్ళతో సహా, సంఘంలో సభ్యత్వమూ ఓటూ ఉండి తీరాలి. దయతలచి ఇచ్చేది కాదు ఇది. వీధి ఎవరు వాడుతున్నారో ఆ వీధి గురించి మాట్లాడే హక్కు వాళ్ళదే.

కాలనీ సంఘాలు ఏం చేస్తాయో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. వీధి లైట్లు, నీళ్ళ ప్రెషర్, చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటో రాకపోవడం, కుక్కలు, పార్క్ గేటు తాళం, స్పీడ్ బ్రేకర్, వానొస్తే నాలా, ఇవన్నీ పట్టుకుని ప్రెసిడెంట్ గారు ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని సర్కిల్ ఆఫీసుకో, వాటర్ బోర్డు వాళ్ళ దగ్గరికో, కార్పొరేటర్ ఇంటికో వినతిపత్రం పట్టుకెళ్తారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు, రిటైరైన వయసులో ఎండలో తిరిగి కాలనీకి పని చేసిపెట్టే పెద్దాయనలు ప్రతి కాలనీలో ఉంటారు, వాళ్ళు లేకపోతే సగం లైట్లు వెలగవు. కాలనీలు గట్టిగా నిలబడితే ఏం సాధించగలవో కూడా చూశాం. 2005లో ఢిల్లీలో కరెంటు చార్జీలు 10 శాతం పెంచితే కాలనీ సంఘాలన్నీ కలిసి పెంచింది కట్టం అని కూర్చున్నాయి, చివరికి సర్కారే వెనక్కి తగ్గింది. అంత బలం ఉన్న సంస్థలో ఎవరి మాట నడుస్తుందనేది చిన్న విషయం ఎలా అవుతుంది?

మా బిల్డింగ్ సంగతే చెప్తా. పన్నెండు ఫ్లాట్లు, అందులో ఏడింట్లో అద్దెవాళ్ళు. ఆ ఏడుగురు ఓనర్లలో ఇద్దరు అమెరికాలో, ఒకాయన బెంగళూరులో, ఒకామె విజయవాడలో ఉంటారు. మా వీధిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కడెయ్యాలి అని వాట్సాప్‌లో ఓటింగ్ పెడితే డల్లాస్‌లో ఉన్నాయన ఓటేశారు. రోజూ ఆ మలుపులో పిల్లల్ని స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్ళే అమ్మాయికి అసలు ఓటింగ్ జరుగుతున్న సంగతే తెలీదు, ఎందుకంటే ఆమె గ్రూపులో లేదు. వేసవిలో ట్యాంకర్ బుక్ చెయ్యాలంటే క్యాన్ నంబర్, అంటే వాటర్ బోర్డు కనెక్షన్ నంబర్ కావాలి, అది ఓనర్ పేరు మీద ఉంటుంది, ఆయన ఫోన్ ఎత్తాలంటే అక్కడ తెల్లారాలి. దాహం ఇక్కడ, కనెక్షన్ ఒకరి పేరు మీద, తీర్మానం చేసేది ఇంకెవరో.

ఓనర్లు అడిగే మాట నాకు తెలుసు, మా మీటింగ్‌లో నా మొహం మీదే అన్నారు. మేం జీవితాంతం కూడబెట్టిన డబ్బు ఈ కాలనీలో పెట్టాం, అద్దెవాళ్ళు పదకొండు నెలలుండి పోతారు, రేపు వాళ్ళంతా కలిసి మా నెత్తిన ఖర్చులు పెడితే ఎవరు భరిస్తారు అని. ఖర్చు సంగతి న్యాయమే. లిఫ్ట్ మార్చడం, బిల్డింగ్‌కి రిపేర్లు, సెల్ టవర్‌కి టెర్రస్ ఇవ్వడం లాంటివి ఓనర్లే తేల్చుకోవాలి, అపార్ట్‌మెంట్ల మీద 1987 నాటి చట్టం కూడా ఓనర్ల సంఘం గురించే మాట్లాడుతుంది. నేనడిగేది బిల్డింగ్ లోపలి సంగతి కాదు, గేటు బయటి సంగతి.

ఈ పదకొండు నెలల మాట మాత్రం నేను వదలను. అసలు అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు? అద్దె మనిషి పదకొండు నెలల్లో వెళ్ళిపోతాడని కాదు. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చెయ్యాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది కాబట్టి, ఆ రిజిస్ట్రేషన్ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరగడం తప్పించుకోడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటాం. ఇది ఎక్కువగా కలిసొచ్చేది ఓనర్‌కే, అద్దె పెంచుకోడానికైనా ఖాళీ చేయించుకోడానికైనా. అదే కాగితాన్ని తొమ్మిదిసార్లు తిరగరాసి నేను తొమ్మిదేళ్ళున్నా. మా కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన నాకంటే ముందు నుంచీ ఇదే వీధిలో అద్దెకుంటున్నాడు. తాత్కాలికం అన్న ముద్ర మనమే వేసి, ఆ ముద్ర చూపించి మీరు తాత్కాలికం కదా మీకు ఓటెందుకు అనడం అన్యాయం కాదా?

ఇంతకంటే పెద్ద ఆధారం ఒకటుంది, ఇది దొరికిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 19, సెక్షన్ 20 తీసి చదవండి. ఓటర్ల జాబితాలో పేరుండాలంటే ఆ నియోజకవర్గంలో మామూలుగా నివాసం ఉంటున్న మనిషి అయ్యుండాలి. అక్కడ ఇల్లు సొంతమైనంత మాత్రాన, కేవలం ఆ కారణంతో, అక్కడ నివాసం ఉంటున్నట్టు కాదు అని సెక్షన్ 20 విడిగా, స్పష్టంగా చెప్తుంది. అంటే ఎమ్మెల్యేని ఎన్నుకోడానికీ ఎంపీని ఎన్నుకోడానికీ ఈ దేశం అడిగేది నువ్వు ఎక్కడ ఉంటున్నావ్ అని, నీకు ఎక్కడ ఇల్లుంది అని కాదు. మన కాలనీ సంఘం సరిగ్గా దీన్ని తిరగేసింది. ప్రధానమంత్రి ఎవరో తేల్చడంలో పాలుపంచుకునే మనిషికి పార్క్ గేటు ఆరింటికి తియ్యాలా ఐదింటికి తియ్యాలా అన్న దాంట్లో మాట లేదు.

ఆస్తి చూసి ఓటివ్వడం ఈ దేశానికి తెలియని పద్ధతేం కాదు. బ్రిటిష్ ఇండియాలో అదే నడిచింది, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద కూడా ఆస్తో, కట్టిన పన్నో, చదువో చూపించినవాళ్ళకే ఓటు, మిగతా జనం బయటే. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చేసరికి 17 కోట్ల పైచిలుకు మంది ఓటర్ల జాబితాలోకి ఎక్కారు, వాళ్ళలో ఎక్కువమందికి చదవడం, రాయడం రాదు. చదువు రానివాళ్ళకి ఓటేంటి అని అప్పుడు నవ్వినవాళ్ళున్నారు. డెబ్బై ఏళ్ళ కిందట దేశం వదిలేసిన పద్ధతిని పట్టుకుని మన కాలనీలు ఇంకా వేలాడుతున్నాయి, అదీ చదువుకున్నవాళ్ళం అనుకునే కాలనీలు.

ఓటు లేకపోతే నష్టం అద్దెవాళ్ళకి ఒక్కళ్ళకే అనుకోకండి, కాలనీకీ నష్టమే. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఏ టైంకి వస్తాయో, ఏ లైన్లో సన్నగా వస్తాయో, ఎప్పుడు మురుగు వాసన వేస్తుందో తెలిసేది పంపు దగ్గర నిలబడే ఆడవాళ్ళకి. సంఘం మీటింగ్ పెట్టేది ఆదివారం పదింటికి, వంటింట్లో పని ఊపిరాడని టైంలో, పిలిచేది ఇల్లు ఎవరి పేరు మీదుందో వాళ్ళని, అది చాలా ఇళ్ళలో మగవాళ్ళ పేరు మీదే ఉంటుంది. గ్రేటర్ కార్పొరేషన్‌లో సగం సీట్లు ఆడవాళ్ళకి రిజర్వ్ చేశారు, మా కాలనీ కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు.

వానల సంగతికొస్తే ఇంకా స్పష్టం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగినప్పుడు, టోలీచౌకి నదీం కాలనీలో పడవలు తిరిగినప్పుడు, ఎవరి సామాన్లు ముందు తడిశాయి? గ్రౌండ్ ఫ్లోర్లో, సెల్లార్ పక్క గదుల్లో, నాలా అంచు ఇళ్ళల్లో ఉన్నవాళ్ళవి. అద్దె తక్కువని అక్కడ చేరేది ఎవరో వేరే చెప్పాలా? నాలా ఎక్కడ పూడిపోయిందో, ఎవరు మట్టి పోసి మూసేశారో కళ్ళతో చూసిన మనిషి వాళ్ళింట్లోనే ఉంటాడు, ఆయన మాట మీటింగ్ మినిట్స్‌లో ఉండదు.

బస్తీలు ఈ విషయంలో మనకంటే ఎంతో ముందున్నాయి. 1967లో హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలైనప్పుడు బస్తీ సంఘాలు, మహిళా మండళ్ళు పెట్టుకుని పంపులు, బాల్వాడీలు, కుట్టు సెంటర్లు తెచ్చుకున్నారు. పట్టాలు చేతికొచ్చాక సంఘం పెట్టుకుందాం అనుకుని ఉంటే ఎన్ని బస్తీలు అలాగే ఉండిపోయేవో ఆలోచించండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్ళ చేతిలో ఏ ఆస్తి కాగితం ఉంది? ఆ ఊళ్ళో బతుకుతున్నాం, ఆ బాధ మాది అన్న ఒక్క మాట మీద నిలబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కేరళలో కుటుంబశ్రీ పేరుతో 1998 నుంచి నడుస్తున్న అయల్‌కూట్టాలు, అంటే ఇరుగుపొరుగు సంఘాలు, వాటికీ లెక్క ఇంటి గడపే, పట్టాదారు పేరు కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తొలిచేసేది ఇంకోటుంది. గ్రామసభ అంటే ఎవరు? రాజ్యాంగం ప్రకారం ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. కూలి మనిషి అయినా, పూరిగుడిసె అయినా, లేచి నిలబడి సర్పంచ్‌ని మోరీ సంగతేంటి అని అడగొచ్చు. ఆ మనిషి నల్గొండ నుంచో శ్రీకాకుళం నుంచో పొట్ట చేతపట్టుకుని సిటీకి వచ్చి ఒక గదిలో అద్దెకి దిగాడనుకోండి, ఆ సభ పోతుంది, దాని బదులు ఇంకేదీ రాదు. పట్టణాల స్థానిక పాలన గురించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు పెట్టాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెప్తుంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఎప్పుడు కూర్చున్నారో, ఏం తీర్మానించారో? 2023 జూన్‌లో హైదరాబాద్‌లో అప్పటి 150 వార్డుల్లో వార్డు ఆఫీసులు తెరిచారు, మంచిదే, కానీ అవి ఆఫీసర్ల చోటు, జనం కూర్చునే సభ కాదు. సిటీలో మనిషి లేచి నిలబడి అడగడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు కాలనీ మీటింగ్, దాని గుమ్మం దగ్గర సేల్ డీడ్ అడుగుతున్నాం.

2020 డిసెంబర్‌లో గ్రేటర్ ఎన్నికలైతే పోలింగ్ 46 శాతం చిల్లర. ప్రతిసారీ టీవీల్లో కూర్చుని సిటీ జనానికి బాధ్యత లేదని తిడతారు. సొంత వీధి గురించే మాట్లాడే చోటు లేనివాడు కార్పొరేటర్ ఓటుకి లైన్లో ఎందుకు నిలబడతాడు? అలవాటు వీధిలో మొదలవ్వాలి, మనం అక్కడే తుంచేస్తున్నాం, నాకైతే ఆ తక్కువ పోలింగ్‌కి అసలు కారణాల్లో ఇదొకటి అనిపిస్తుంది.

దీనికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరితే సంఘం పెట్టుకోవచ్చు, ఆ ఏడుగురూ ఇళ్ళ ఓనర్లే అయ్యుండాలని అందులో ఎక్కడా లేదు. ఓనర్లకే అన్న మాట మనం బైలాస్‌లో, అంటే సంఘం నియమాల్లో రాసుకున్నది, మనమే కొట్టెయ్యొచ్చు. నేను రాసిన తీర్మానం ఒక్క వాక్యం: కాలనీలో ఆరు నెలలకు తక్కువ కాకుండా నివాసం ఉంటున్న, 18 ఏళ్ళు నిండిన ప్రతి వ్యక్తీ సభ్యులే, అందరికీ ఒకటే ఓటు. జనరల్ బాడీలో పెట్టాలంటే ఇరవై మంది మెంబర్ల సంతకాలు కావాలన్నారు. ఇప్పటికి పదకొండు వచ్చాయి. నేను అద్దెకున్నప్పటి ఓనర్ గారు ఫోన్లో అరగంట వాదించి, నీళ్ళ సంగతి వాళ్ళకే కదా తెలిసేది అని చివరికి సరే అన్నారు, ఆదివారం సంతకం పెడతా రమ్మన్నారు, వెళ్తున్నా.