ఉక్కపోతకు లెక్క లేదా?

విశాఖలో వాతావరణం మాట ఎత్తితే ముందుగా హుద్‌హుద్ గుర్తుకొస్తుంది. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విరుచుకుపడిన ఆ తుపాను ఎన్ని చెట్లను కూల్చిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. తుపానుకు పేరుంటుంది, తేదీ ఉంటుంది, పరిహారం ఉంటుంది. అదే బంగాళాఖాతం ఏటా మే నెలలో మన మీదికి తోలే ఉక్కపోతకు ఇవేవీ లేవు.

రెండింటికీ మూలం సముద్రం పైపొరలో నిల్వ ఉన్న వేడే. హరితగృహ వాయువుల వల్ల భూమిపై పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. బంగాళాఖాతం తీరు ఇంకా వేరు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చి పోసే మంచినీరు తేలిక కనుక పైనే పరుచుకుని, అడుగునున్న చల్లటి నీటిని పైకి రానివ్వదు. తుపానుకు కావలసిన 26.5 డిగ్రీల వెచ్చదనం ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఉంటుంది. అయినా వానాకాలం నడుమ పెద్ద తుపానులు అరుదు. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి ఎదురెదురుగా వీస్తూ సుడిని నిలువునా ఎదగనివ్వవు. ఉక్కపోతకు ఆ అడ్డు కూడా లేదు.

ఎండలు ముదిరితే చాలు, నెపం పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఎల్ నినో మీదికి పోతుంది. అది వస్తే మన వానలు తగ్గుతాయని భయం. కానీ 1997లో బలమైన ఎల్ నినో ఉన్నా దేశంలో వానలు మామూలుగానే కురిశాయి. దాన్ని తిట్టుకుంటే మనం చేయాల్సిందేమీ మిగలదు కదా!

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ తేమలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తేమ దట్టంగా ఉన్న రోజున 34 డిగ్రీల విశాఖ మధ్యాహ్నం 40 డిగ్రీల పొడి ఎండకు ఏమీ తీసిపోదు. కానీ తీరంలో వడగాలి ప్రకటించాలంటే ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండాలి, అదీ మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరగాలి. తేమకు ఈ కొలతలో చోటు లేదు. ఉక్కపోత గురించి వాతావరణ శాఖ విడిగా హెచ్చరికలు ఇస్తుంది, నిజమే. అయితే యంత్రాంగం కదిలేది ఎక్కువగా వడగాలి అన్న మాటకే.

తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు ఈ బాధను చాలావరకు పట్టిస్తుంది. ఆ అంకెను రోజూ ప్రకటించి, ఫలానా హద్దు దాటితే సెంట్రింగ్ పనులకు, ఓడరేవులో బరువులు మోసేవారికి మధ్యాహ్నం విరామం తప్పనిసరి చేయాలి. రేకుల ఇళ్లలో రాత్రి వేడి ఎంతో కూడా కొలవాలి. పగటి కూలీ తేరుకోవాల్సింది అక్కడే.