సొంతింటికే కన్నం: 13 నిమిషాల ‘బాటిల్ రాకెట్’ ఇప్పటికీ ఎందుకు పనికొస్తుంది

హాలీవుడ్ డైరెక్టర్ వెస్ ఆండర్సన్ అనగానే ఎవరికైనా గులాబీ రంగు హోటలు, ఫ్రేముకి సరిగ్గా మధ్యలో కొలత పెట్టినట్టు నిలబడే మనుషులు, బొమ్మరిల్లులాంటి సెట్లు గుర్తొస్తాయి. ఆ స్టైల్లో రీల్స్ మన హైదరాబాద్‌లో కూడా చాలామంది తీశారు. కానీ ఆయన మొదలుపెట్టినప్పుడు ఇవేవీ లేవు. 90ల మొదట్లో అమెరికాలోని డాలస్‌లో, ఫ్రెండ్స్‌నే యాక్టర్లుగా పెట్టుకుని, 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన 13 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ‘బాటిల్ రాకెట్’, అంతే. పేరు కూడా చూడండి, మనం దీపావళికి ఖాళీ సీసాలో నిలబెట్టి వదులుతామే, అదన్నమాట. చిన్నది, చవకది, ఎటు పోతుందో చెప్పలేం.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. డిగ్నన్, ఆంథోనీ అని ఇద్దరు కుర్రాళ్లు, దొంగతనం నేర్చుకుందామని ఒక ఇంట్లో దూరతారు, తీరా చూస్తే అది ఆంథోనీ వాళ్ల సొంత ఇల్లే. ప్రాక్టీస్ అన్నమాట. తర్వాత ఇంకో ఫ్రెండ్ బాబ్‌ని కలుపుకుని కొట్టేద్దామని ఎంచుకున్నది బ్యాంకు కాదు, బంగారం షాపు కాదు, పుస్తకాల షాపు. కోఠిలో అన్ని నగల కొట్లుండగా వాటిని వదిలేసి సెకండ్‌హ్యాండ్ ఇంజనీరింగ్ పుస్తకాల కొట్టు మీద పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గల్లాపెట్టెలో ఎంతుంటుందని?

నవ్వొస్తుంది, నిజమే, కానీ డైరెక్టర్ వాళ్లని చూసి నవ్వడు, నాకు ఈ సినిమా మీద అంత ఇష్టం అందుకే. డిగ్నన్‌గా వేసిన ఓవెన్ విల్సన్ దొంగతనం గురించి మాట్లాడుతుంటే సివిల్స్‌కి ప్రిపేరయ్యే కుర్రాడు టైంటేబుల్ చెప్పినంత సీరియస్‌గా ఉంటాడు. అతనికి డబ్బుతో పనిలేదు, ప్లాన్‌తో పని. ప్లాన్ ఉంటే పక్కన ఇద్దరు మనుషులుంటారు, పొద్దున లేచి చెయ్యడానికి ఒక పనుంటుంది. నాకు అర్థమైనంతవరకు ఆ సినిమా మొత్తం ఇదే, ఒంటరివాడైపోతానేమోనని భయపడే ఒకడు ఫ్రెండ్స్‌ని పట్టి ఉంచుకోడానికి దొంగల ముఠా పెట్టడం.

ఈ షార్ట్ అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్‌లో పడింది, నిర్మాత పాలీ ప్లాట్, డైరెక్టర్ జేమ్స్ ఎల్. బ్రూక్స్ కళ్లల్లో పడింది, వాళ్ల అండతో 1996లో అదే పేరుతో కొలంబియా స్టూడియో వాళ్ల పెద్ద సినిమా అయింది. థియేటర్లలో ఆడలేదు, అమెరికాలో వసూళ్లు ఆరు లక్షల డాలర్లు కూడా దాటలేదు, కానీ పెద్ద డైరెక్టర్ మార్టిన్ స్కోర్సేసీ 90ల్లో తనకి నచ్చిన పది సినిమాల్లో దాన్ని చేర్చాడు. ఆ పెద్ద సినిమాలోనూ ఆ ఇంటి దొంగతనం సీన్ ఉంటుంది. డిగ్నన్ ముట్టుకోకూడని వస్తువులని ఆంథోనీ ముందే లిస్టు ఇచ్చి ఉంటాడు, అయినా వాడు చెవి కమ్మలు పట్టుకొచ్చేస్తాడు, అవి వాళ్లమ్మ పుట్టినరోజుకి ఆంథోనీ కొనిచ్చినవి. అక్కడ ఆంథోనీకి వచ్చేది కోపం కూడా కాదు, మనసు నొచ్చుకుంటాడు. సినిమాల్లో కోట్లకి కోట్లు కొట్టేసిన దొంగతనాలు ఎన్నో చూశాం, కానీ నాకు గుర్తుండిపోయింది ఆ జత కమ్మలే.

అసలు సొంతింట్లోనే దొంగతనం అన్న ఐడియా ఎక్కణ్నుంచి వచ్చి ఉంటుంది? ఇది నా ఊహే గానీ, డబ్బుల్లేని కుర్రాళ్లకి ఫ్రీగా దొరికే లొకేషన్ ఇల్లొక్కటే కదా. దొరికిన మనుషులు కూడా ఇంటివాళ్లే, ఆంథోనీగా వేసిన ల్యూక్ విల్సన్ ఓవెన్ తమ్ముడే. ఓవెన్, ఆండర్సన్ ఆస్టిన్‌లో యూనివర్సిటీలో నాటక రచన క్లాసులో కలిసిన ఫ్రెండ్స్. లేనిదాన్ని దాచిపెట్టలేదు వీళ్లు, లేనిదాంట్లోంచే కథ లాగారు.

అదే రోజుల్లో, 1993లో మన దగ్గర ‘మనీ’ వచ్చింది, శివనాగేశ్వరరావు డైరెక్షన్, రామ్‌గోపాల్ వర్మ నిర్మాత. జేడీ చక్రవర్తి, చిన్నా కూడా చేతకాని దొంగలే, జయసుధని కిడ్నాప్ చేస్తే మొగుడు పరేష్ రావల్ డబ్బివ్వడం అటుంచి పీడ వదిలిందని సంబరపడతాడు. బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదా గురించి చెప్పేదేముంది, ఇప్పటికీ మీమ్స్‌లో బతికే ఉన్నాడు. కానీ తేడా చూడండి, మన కుర్రాళ్లకి నిజంగా డబ్బులవసరం, జేబు ఖాళీ, అందుకే తప్పు చేస్తారు. డిగ్నన్‌కి ఆ సాకు కూడా లేదు. అందుకే నాకు డిగ్నన్ మీద ఎక్కువ జాలేస్తుంది.

ఇక మన షార్ట్ ఫిల్ముల సంగతి. తరుణ్ భాస్కర్ షార్టులు తీసుకుంటూ వచ్చి 2016లో ‘పెళ్ళిచూపులు’ చేశాక కృష్ణానగర్ రూముల్లో అందరికీ ఆశ పుట్టింది, పుట్టాలి కూడా. కానీ చాలామంది షార్ట్‌ని ప్రొడ్యూసర్‌కి చూపించే విజిటింగ్ కార్డులా తీస్తున్నారు, డ్రోన్ షాట్ ఉండాలి, డీఐలో, అంటే చివర్లో రంగులు దిద్దేటప్పుడు, పెద్ద సినిమా రంగు రావాలి, చివర్లో ట్విస్ట్ పడాలి, ఉన్న ముప్పై నలభై వేలూ అక్కడే ఐపోతాయి, మనుషులు మాత్రం ఎక్కడో చూసిన మనుషుల్లాగే మాట్లాడతారు. ఇది నేను పక్కవాళ్లని చూసి అంటున్న మాట కాదు, నేనూ అదే చేశాను.

2014లో మేం నలుగురం ఒక దొంగల షార్ట్ తీశాం. కెమెరా కుదుపులు లేకుండా పట్టుకునే గింబల్ అద్దెకి తెచ్చాం, ఊరి చివర గోడౌన్ మాట్లాడాం, ఉన్నదంతా అక్కడి ఫైట్‌కే పెట్టాం. ఇంట్లో దొంగతనం సీన్ మాత్రం చిలకలగూడలో మా హీరో వాళ్లింట్లోనే కానిచ్చాం, వేరే దారిలేక. వాడు వాళ్లమ్మ బీరువా తెరవాలి, చీరలన్నీ లాగి కిందపడేసి నగల డబ్బా తియ్యాలి, రాసుకున్నది అది. తలుపు కిర్రుమంది, కలరా ఉండల వాసన నా దాకా వచ్చింది. వాడు చీరలు లాగలేదు. మడత నలక్కుండా రెండు చేతులతో దొంతర మొత్తం ఎత్తి మంచం మీద పెట్టి, డబ్బా తీసుకుని, మళ్లీ దొంతర ఎత్తి ఉన్నచోటే సర్దాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు. నేను కట్ చెప్పి ఏంట్రా ఇది, దొంగవి కదా అని కసిరాను. ఇంకో టేక్ చేయించాను, అందులో పాత దుప్పట్లు పెట్టి లాగించాను, ఫైనల్‌లో అదే వాడాం. మొదటి టేక్ ల్యాగ్ అని ఎడిటర్‌తో నేనే తీయించేశాను.

‘బాటిల్ రాకెట్’ షార్ట్ నేను చూసింది ఆ తర్వాత రెండేళ్లకి. ఆ ఇల్లు ఆంథోనీదే అని తెలిసిన క్షణం నాకు తట్టింది సినిమా గురించి కాదు, ఆ బీరువా గురించి. మా కథ ఆ మంచం మీద పెట్టిన చీరల దొంతరలో ఉంది, నేను గోడౌన్‌లో వెతుక్కున్నాను.

మొన్న పాత హార్డ్ డిస్క్ తీసి రషెస్, అంటే ఎడిట్ చెయ్యని షాట్లు, చూశాను. గోడౌన్ ఫైట్ సగంలో ఆపేశాను. బీరువా టేక్ మాత్రం మూడుసార్లు చూశాను, నలభై సెకన్లు ఉంది. అప్పుడు వినలేదు గానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వాడు తలుపు వేస్తుండగా వంటింట్లోంచి వాళ్లమ్మ గొంతు కూడా పడింది, ‘అన్నం చల్లారిపోతోంది, తినేసి తీసుకోండ్రా’ అని.