వైరస్ మార్చుకోలేని చోటే మందు పట్టాలి

హెచ్‌ఐవీకి ప్రధానంగా మూడు ఎంజైములే (రసాయన పనులు నడిపే ప్రోటీన్లు) పనిముట్లు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మారుస్తుంది, ఇంటిగ్రేజ్ దాన్ని మన కణంలోని డీఎన్‌ఏలో అతుకుతుంది, ప్రోటియేజ్ పొడవాటి ప్రోటీన్లను ముక్కలుగా కోసి కొత్త వైరస్‌ను తయారుచేస్తుంది. మొదటిదానిపై 1987లో ఏజడ్‌టీ, ప్రోటియేజ్‌పై 1995లో సాక్వినావిర్, ఇంటిగ్రేజ్‌పై 2007లో రాల్టెగ్రావిర్ అమెరికాలో ఆమోదం పొందాయి. మూడింటికీ మందులున్నాయి కదా, ఇంకా ఎంజైముల వెంట పడటం ఎందుకని అడిగేవారున్నారు. ఏ ఎంజైమును కొట్టామన్నది కాదు, దానిలో ఏ చోట కొట్టామన్నది అసలు విషయం.

మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) మొదలైనప్పుడు ముఖ్యమైన మందుల్లో నెవిరపిన్ ఒకటి. అది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ పనిచేసే కేంద్రంలో కాక, పక్కనున్న చిన్న గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట రూపు మారినా ఎంజైము పని పెద్దగా దెబ్బతినదు కాబట్టి, కే103ఎన్ అనే ఒక్క జన్యు మార్పుతో వైరస్ తప్పించుకోగలిగింది. గుంపు మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో వెళ్లిన పాలమూరు కూలీ సంగతే తీసుకుందాం. పని గడువు పెరిగితే వెంట తెచ్చుకున్న గోలీలు అయిపోతాయి, అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళితే గుట్టు బయటపడుతుందేమోనన్న భయం ఒకటి. మందులు ఆగాక తోడు మందుల ప్రభావం ముందే తగ్గిపోయి, నెవిరపిన్ ఒక్కటే రోజుల తరబడి రక్తంలో మిగులుతుంది. నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, పుట్టడానికి అంతకన్నా అనువైన అదను వైరస్‌కు దొరకదు. దీన్ని రోగి నిర్లక్ష్యం అనడం నాకు సమ్మతం కాదు. మందు ఎంపికలోనే ఆ లోపం ఉంది.

ఇంటిగ్రేజ్‌పై పనిచేసే డోలుటెగ్రావిర్ అనే మందు తీరు వేరు. ఇంటిగ్రేజ్ పనికి తప్పనిసరైన రెండు మెగ్నీషియం అయాన్లను అది పట్టుకుంటుంది. వాటిని వదులుకుంటే ఎంజైమే ఆగిపోతుంది కాబట్టి వైరస్ చుట్టుపక్కల మార్పులు తెచ్చుకోవాలి, వాటివల్ల తానే బలహీనపడుతుంది. ఈ మందుకు నిరోధకత అసాధ్యమేమీ కాదు, కానీ అంత సులువుగా రాదు. ఇదే సూత్రంతో చూస్తే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చివరనున్న ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ భాగం ఆశపెడుతుంది. నకలు తీశాక పాత ఆర్‌ఎన్‌ఏను తొలగించే ఆ భాగానికీ రెండు లోహ అయాన్లే ఆధారం. దానిపై పనిచేసే మందేదీ ఇంతవరకు ఆమోదం పొందలేదు. ఆ చోటు లోతులేకుండా తెరిచి ఉండటం, మన కణాల్లోనూ అలాంటి ఎంజైమే ఉండటం ఇందుకు ప్రధాన అడ్డంకులు.

ఆర్నెల్లకోసారి ఇచ్చే లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ ఎంజైమును కాక వైరస్ పెంకును పట్టుకుంటుంది. హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాల్లో దీన్ని నివారణ కోసం ఏడాదికి సుమారు 40 డాలర్లకు అందించేందుకు ఒప్పందాలు చేసుకున్నాయి. చికిత్సలో మాత్రం ఒంటరిగా ఇస్తే ఒక్క మార్పుతోనే వైరస్ లొంగకుండా పోగలదు, తోడు మందు తప్పదు. ఆ తోడూ ఆర్నెల్లు నిలిచేదై ఉండాలి. ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్‌పై మందు రేపు దొరికినా, అది రోజూ మింగే గోలీగానే వస్తే వలసపోయే కూలీకి కొత్తగా ఒరిగేది తక్కువే.