మూడు వేల గంటల పని చూశాక ఇంకా పరీక్ష ఎందుకు?

అమెరికాలో సోషల్ వర్కర్ ఎవరి అజమాయిషీ లేకుండా మానసిక చికిత్స అందించాలంటే రాష్ట్రం ఇచ్చే క్లినికల్ లైసెన్సు ఉండాలి. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లింపులు కూడా సోషల్ వర్కర్లలో ఆ లైసెన్సు ఉన్నవారికే. దానికి మాస్టర్స్ డిగ్రీ, ఆపైన చాలా రాష్ట్రాల్లో 3,000 గంటలకు అటూఇటూగా సీనియర్ల పర్యవేక్షణలో పని, చివరగా ఒక పరీక్ష. ఎందరికో దారి మూసుకుపోతున్నది ఆ చివరి మెట్టు దగ్గరే.

పరీక్ష నిర్వహించే అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్క్ బోర్డ్స్ చాలా ఏళ్లు దాచి ఉంచిన లెక్కలను 2022 ఆగస్టులో బయటపెట్టింది. 2018–2021 మధ్య క్లినికల్ పరీక్షను తొలి ప్రయత్నంలోనే గట్టెక్కినవారు శ్వేతజాతీయుల్లో 84 శాతం. నల్లజాతివారిలో 45 శాతమే. లాటినోల్లో 65, ఆసియా సంతతివారిలో 72. వీరంతా అదే మాస్టర్స్ డిగ్రీ చదివినవారు, అదే తరహా శిక్షణ పొందినవారు. అంత తేడా వచ్చినప్పుడు అనుమానించాల్సింది ముందుగా కొలబద్దను. సోషల్ వర్కర్ల జాతీయ సంఘం 2023లో ఈ పరీక్షలను బాహాటంగా వ్యతిరేకించింది.

ప్రశ్నల తీరు చూడండి. ఒక కుటుంబం పరిస్థితిని రెండు మూడు వాక్యాల్లో చెప్పి, సోషల్ వర్కర్ 'మొట్టమొదట' ఏం చేయాలని అడుగుతారు. ఇచ్చిన జవాబుల్లో చాలావరకు చేయదగ్గ పనులే. నిజమైన ఇంట్లో అయితే ఆ మనిషి ముఖం చూసి, మరో మాట అడిగి నిర్ణయించుకుంటారు. ఇక్కడ ప్రశ్న రాసినవారి ఆలోచనను ఊహించి పట్టుకోవాలి. ఇంగ్లీషు మాతృభాష కానివారికి అది మరీ కష్టం.

పరీక్ష లేకపోతే ప్రజల భద్రత ఏమవుతుందని అడగడం న్యాయమే. కానీ దాదాపు రెండేళ్లు పనిని పర్యవేక్షించిన సీనియర్ కంటే, నాలుగు గంటల్లో ముగిసే పరీక్ష అభ్యర్థిని బాగా అంచనా వేస్తుందని దాన్ని సమర్థించేవారే రుజువు చేయాలి.

ఇలినాయ్ ధైర్యం చేసింది. క్లినికల్ కంటే కింది స్థాయి లైసెన్సుకు 2022 జనవరి 1 నుంచి పరీక్షను తీసేసింది. క్లినికల్ పరీక్ష తప్పినవారు అదనంగా మరో 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేసి లైసెన్సు పొందవచ్చని 2023లో చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ ఇదే బాట పట్టాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒకే లైసెన్సుతో పలు రాష్ట్రాల్లో పనిచేయనిచ్చే అంతర్రాష్ట్ర ఒప్పందం పరీక్ష పాసవ్వాలనే షరతు పెట్టింది. 2023లో మిస్సోరీతో మొదలైన ఆ ఒప్పందంలో చేరే రాష్ట్రాలు, కనీసం తమ సరిహద్దుల్లోపలైనా ప్రత్యామ్నాయ మార్గాన్ని మూసేయకూడదు.

ఇది మనవాళ్లకూ సంబంధించిన విషయమే. కొడుకు దగ్గరికి వచ్చి నాలుగు గోడల మధ్య కుంగిపోతున్న తల్లికి, భర్త చేతిలో దెబ్బలు తింటూ వీసా భయంతో నోరెత్తని యువతికి తెలుగులో మాట్లాడగల సోషల్ వర్కర్ కావాలి. అలాంటివారు ఇప్పటికే తక్కువ. వారిని భాషా పరీక్షగా మారిన ఒక పరీక్ష దగ్గర ఆపేస్తే నష్టపోయేది ఆ తల్లీ, ఆ యువతీ.

చట్టంలో ఇంకొకటీ రాయాలి. చాలాచోట్ల పర్యవేక్షకుల ఫీజును అభ్యర్థులే కట్టుకుంటున్నారు. పరీక్షకు బదులు అదనపు గంటలు అడిగే రాష్ట్రం ఆ గంటలకు జీతం ఉండేలా చూడాలి, ఆ ఫీజును యాజమాన్యమో ప్రభుత్వమో భరించేలా నిబంధన పెట్టాలి. లేకపోతే ఆ మార్గం డబ్బున్నవారికే ఉపయోగపడుతుంది.