అచ్చయిన సాహసాలు కొత్తవాళ్లకు కావాలి

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి ఊహాలోకపు కథను ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలు మొదలుపెట్టేవాళ్లు అచ్చయిన సాహసాలు (కథ, మ్యాపులు ముందే సిద్ధం చేసిన పుస్తకాలు) కొనకుండా సొంత కథే అల్లుకోవాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేనండి. కడపలో మా ఆట ఆదివారాలే సాగుతుంది. గేమ్ మాస్టర్‌గా కూర్చుని కథ నడిపేవాడికి వారమంతా ఉద్యోగం. మ్యాపు, గుహలో ఎవరెక్కడ ఉన్నారు, ఎవరికేం కావాలి అన్నవి పుస్తకంలోనే ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఇలాంటి ఆటే) స్టార్టర్ సెట్‌లో 64 పేజీల సాహసం, ముందే తయారుచేసిన 5 పాత్రలు, డైస్ అన్నీ ఉన్నాయి. దారిలో గోబ్లిన్లనే చిన్న రాక్షసులు మాటువేసి దాడి చేయడంతో కథ మొదలవుతుంది. అంతకంటే మంచి మొదలు కొత్తవాళ్లకు ఏముంటుంది?

అచ్చు కథ ప్రతిసారీ ఒకేలా సాగుతుందన్న మాట కూడా సరికాదు. 1983లో వచ్చిన, ఒక రక్తపిశాచి కోటలో సాగే సాహసం ‘రేవెన్‌లాఫ్ట్’లో పేకముక్కలతో జోస్యం చెప్పిస్తారు. ముఖ్యమైన వస్తువులు ఎక్కడున్నాయో, ఆ రక్తపిశాచి అసలు ఏం కోరుకుంటున్నాడో ఆ ముక్కలే తేలుస్తాయి. ఎంత గొప్ప ఏర్పాటో!

ఆ కోటను మేం గండికోటగా మార్చుకున్నాం. కింద పెన్నా లోయ, పైన ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి అన్నీ మ్యాపులోకి వచ్చాయి. నేల కింద దారులకు బెలుం గుహలున్నాయి. పుస్తకం చేతిలో ఉంది కాబట్టే ఇవన్నీ చేర్చే తీరిక దొరికింది. తెలుగులో ఎవరైనా ఇలాంటి సాహసం అచ్చువేస్తే వెంటనే కొంటాను.